కోచ్ మాటా, క్రీడాధికారి సంతకమా? బస్తర్ మైదానాల ముందున్న అసలు ప్రశ్న

2025 డిసెంబర్ 13న జగదల్‌పూర్‌లో బస్తర్ ఒలింపిక్స్ ముగింపు వేడుక జరిగింది. కేంద్ర హోంమంత్రి అమిత్ షా హాజరయ్యారు. బస్తర్, కాంకేర్, కొండాగావ్, నారాయణ్‌పూర్, దంతెవాడ, బీజాపూర్, సుక్మా జిల్లాల నుంచి 3.91 లక్షల మంది క్రీడాకారులు పాల్గొన్నారని ప్రభుత్వం ప్రకటించింది. అంతకు ముందు ఏడాది ఈ సంఖ్య 1.65 లక్షలు. ఒక్క ఏడాదిలో రెట్టింపు దాటింది. లొంగిపోయిన మావోయిస్టులు ఒక జట్టుగా బరిలోకి దిగడం, పేలుళ్లలో కాళ్లు పోగొట్టుకున్నవారు పోటీపడటం దేశమంతా చూసింది.

పోటీలు ముగిశాయి, బస్సులు ఊళ్లకు తిరిగి వెళ్లాయి. అక్కడి నుంచే అసలు ప్రశ్న మొదలవుతుంది. ఈ లక్షల మందిలో నిజంగా ప్రతిభ ఉన్న కొన్ని వందల మంది పిల్లలు ఇకపై ఎవరి చేతి కింద పెరుగుతారు? రోజూ ఉదయం వాళ్లను పరుగెత్తించే కోచ్ చేతి కిందా, లేక మైదానం తాళాలు, బిల్లులు, ఎంపిక జాబితాలు తన దగ్గర ఉంచుకునే అధికారి చేతి కిందా? ఇద్దరి మాటా ఒకటైనప్పుడు ఇబ్బంది లేదు. కాకపోతే ఎవరి మాట నెగ్గుతుంది?

ఇది బస్తర్‌కే పరిమితమైన సమస్య కాదు. అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్‌లో కోచ్‌కూ, అథ్లెటిక్ డైరెక్టర్‌కూ పడకపోతే ఆ సంగతి పత్రికల మొదటి పేజీకి ఎక్కుతుంది. మన దగ్గర ఆ గొడవ బయటకు కూడా రాదు. ఇక్కడ సామరస్యం ఉంది కనుక రాదనుకుంటే పొరపాటు. గొడవ పడటానికి కావలసిన హోదా కోచ్‌కు లేదు, అంతే. మన క్రీడావ్యవస్థలోని లోపం ఇక్కడే ఉంది.

కాలేజీలో కోచ్ ఎక్కడ?

తెలుగు రాష్ట్రాల కాలేజీల్లో చదివినవారందరికీ 'పీడీ సార్' తెలుసు. ఫిజికల్ డైరెక్టర్ అన్నమాట. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వ కాలేజీల్లో ఇదే ఉద్యోగాన్ని 'క్రీడా అధికారి' అంటారు. జగదల్‌పూర్‌లో ఓరుగల్లు నుంచి వచ్చిన రాజవంశం పేరుతో కాకతీయ పీజీ కాలేజీ ఉంది. 2008లో మొదలైన బస్తర్ విశ్వవిద్యాలయం ఇప్పుడు శహీద్ మహేంద్ర కర్మా విశ్వవిద్యాలయంగా ఉంది. దేశంలో ఏ కాలేజీ అయినా, ఏ విశ్వవిద్యాలయమైనా యూజీసీ నిబంధనల ప్రకారం ఉండే క్రీడా ఉద్యోగం ఫిజికల్ ఎడ్యుకేషన్ డైరెక్టర్‌ది. ఆ ఉద్యోగానికి అర్హతలు, జీతం, పదోన్నతుల మెట్లు రాసి ఉన్నాయి. జట్టు కోచ్ అనే ఉద్యోగానికి అలాంటి శ్రేణి విడిగా లేదు.

అందుకే మన కాలేజీల్లో ఒకే మనిషి క్రీడా పరికరాలు కొంటాడు, అర్హత పత్రాలు నింపుతాడు, టీఏ డీఏ బిల్లులు పెడతాడు, ఎన్‌సీసీ పరేడ్ రోజున మైదానం సిద్ధం చేస్తాడు, సాయంత్రం ఈల పట్టుకుని బాస్కెట్‌బాల్ కోర్టు మీదా నిలబడతాడు. అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకు వెళ్లే ముందు కొద్ది రోజుల శిబిరం కోసం బయటి నుంచి ఒక శిక్షకుడిని పిలుస్తారు. ఇచ్చేది గౌరవ వేతనం. శిబిరం అయిపోతే ఆ బంధం కూడా అయిపోతుంది.

బాస్కెట్‌బాల్‌నే ఉదాహరణగా తీసుకుంటే ఇద్దరి మధ్య ఘర్షణ ఎక్కడ పుడుతుందో తేలిగ్గా అర్థమవుతుంది. జట్టులో 12 మంది ఉంటారు, కోర్టులో ఐదుగురే ఆడతారు. ఆటగాళ్లు ఒకరి కదలిక ఒకరికి అలవాటు కావడానికి నెలలు పడుతుంది. కాబట్టి కోచ్ అడిగేది సమయం. పోటీలకు వారం ముందు కాదు, విద్యాసంవత్సరం మొదట్లోనే జట్టును ఖరారు చేయమంటాడు. అధికారికి పరీక్షల క్యాలెండర్, హాజరు శాతం, నిధుల విడుదల తేదీ ముఖ్యం. కోచ్ పొడవైన పిల్లలను, వేగంగా నేర్చుకునేవారిని తీసుకోవాలంటాడు. అధికారి మీద అన్ని కాలేజీలకూ చోటు దక్కాలన్న ఒత్తిడి ఉంటుంది. కోచ్‌కు కోర్టు నేల చదునుగా ఉందా, పిల్లల బూట్లు సరిగా ఉన్నాయా అన్నది మోకాళ్లకు సంబంధించిన విషయం. అధికారికి అది మూడు కొటేషన్ల విషయం.

ఇందులో ఎవరూ దుర్మార్గులు కారు. ఇద్దరూ తమ ఉద్యోగ ధర్మమే చేస్తున్నారు. నిజానికి ఈ ఉద్రిక్తత ఉండాలి కూడా. డబ్బుకు, వయసు ధ్రువపత్రాలకు, అమ్మాయిల భద్రతకు లెక్క అడిగే మనిషి కోచ్ పక్కన ఒకరు ఉండాల్సిందే. సమస్యల్లా ఒకటే: ఎవరి హద్దు ఎంతవరకో ఎక్కడా రాసి ఉండకపోవడం. అలాంటప్పుడు ఉద్యోగ భద్రత ఉన్నవాడే నెగ్గుతాడు, రెండోవాడు మర్యాదగా తప్పుకుంటాడు.

హద్దు రాసి ఉన్నా సరిపోదు: ఇండియానా అనుభవం

హద్దు రాసుకున్న చోట అంతా సవ్యంగా ఉంటుందా? అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయ చరిత్ర చూస్తే అలా అనలేం. అక్కడ బాబీ నైట్ 1971 నుంచి 2000 వరకు బాస్కెట్‌బాల్ కోచ్. 1976, 1981, 1987ల్లో జాతీయ టైటిళ్లు గెలిపించాడు. 1976 జట్టు ఆ సీజన్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు. కాగితం మీద అతని పైఅధికారి అథ్లెటిక్ డైరెక్టర్ క్లారెన్స్ డోనింజర్. వాస్తవంలో ఇండియానా రాష్ట్రంలో నైట్‌ను మించిన మనిషి లేడు.

2000 ఫిబ్రవరిలో ఒక ఓటమి తర్వాత నైట్ తన పైఅధికారితోనే తీవ్రంగా గొడవపడ్డాడు. అంతకు మూడేళ్ల ముందు ప్రాక్టీసులో ఒక ఆటగాడి గొంతు మీద చెయ్యి వేసిన వీడియో కూడా అదే ఏడాది బయటపడింది. విచారణ జరిగింది. విశ్వవిద్యాలయ అధ్యక్షుడు మైల్స్ బ్రాండ్ మే నెలలో ఇకపై ఏ తప్పునూ సహించేది లేదని షరతు పెట్టాడు. సెప్టెంబర్ 10న నైట్‌ను తొలగించాడు. విద్యార్థులు అధ్యక్షుడి ఇంటి ముందుకు వెళ్లి నిరసన తెలిపారు. బ్రాండ్ ఆ తర్వాత అమెరికా కాలేజీ క్రీడల నియంత్రణ సంస్థ ఎన్‌సీఏఏకు అధ్యక్షుడయ్యాడు.

ఇందులో గమనించాల్సినవి రెండున్నాయి. గెలుస్తున్నంత కాలం కోచ్ సంస్థను మించిపోతే, దాని దెబ్బ చివరికి ఆటగాళ్ల మీదే పడుతుంది. డైరెక్టర్ పదవి ఉంటే చాలదు, దాని వెనుక సంస్థ అధిపతి నిలబడాలి. అంటే కోచ్‌కు అధికారం ఇచ్చేస్తే పని అయిపోదు, అధికారికి ఇచ్చేసినా అయిపోదు. ఇద్దరికీ పైన, ఇద్దరినీ వినే చోటు ఒకటి ఉండాలి.

మన దగ్గర వెళ్లిపోయేది ఎప్పుడూ కోచే

భారత జాతీయ జట్ల స్థాయిలో ఈ కథ చాలాసార్లు జరిగింది. 2014లో ఇంచియాన్ ఆసియా క్రీడల్లో పురుషుల హాకీ జట్టు స్వర్ణం గెలిచింది. కొద్ది వారాల్లోనే కోచ్ టెర్రీ వాల్ష్ అధికార యంత్రాంగం నిర్ణయాలు తీసుకునే తీరుతో పనిచేయలేనంటూ రాజీనామా ఇచ్చాడు. 2015లో ఆంట్‌వర్ప్‌లో మ్యాచ్ అయిన వెంటనే హాకీ ఇండియా అధ్యక్షుడు నరీందర్ బత్రా మైదానంలోకి వచ్చి ఆటగాళ్లతో మాట్లాడటాన్ని కోచ్ పాల్ వాన్ ఆస్ అడ్డుకున్నాడు. ఆ నెలలోనే అతని పదవి పోయింది. 2024 ఫిబ్రవరిలో మహిళల హాకీ కోచ్ యానెకె షాప్‌మన్ తనకు విలువ, గౌరవం దక్కలేదని బహిరంగంగా చెప్పి తప్పుకుంది. అదే ఏడాది జూన్‌లో ఫుట్‌బాల్ కోచ్ ఇగోర్ స్టిమాచ్‌ను తొలగించారు. అతను సమాఖ్య అధ్యక్షుడు కల్యాణ్ చౌబేపై తీవ్ర ఆరోపణలు చేశాడు. చివరికి సమాఖ్య 4 లక్షల డాలర్లు చెల్లించి రాజీ చేసుకుంది.

బాస్కెట్‌బాల్ సంగతి మరీ విచిత్రం. 2014 జులైలో అమెరికన్ కోచ్ స్కాట్ ఫ్లెమింగ్ నేతృత్వంలో భారత పురుషుల జట్టు చైనా గడ్డ మీదే చైనాను 65-58తో ఓడించింది. ఏడాది తిరగక ముందే జాతీయ సమాఖ్య రెండు వర్గాలుగా చీలింది. 2015లో రెండు చోట్ల ఎన్నికలు జరిగాయి, అసలు సమాఖ్య ఏదో అంతర్జాతీయ సంస్థ ఫిబా తేల్చాల్సి వచ్చింది. భారత బాస్కెట్‌బాల్ చరిత్రలో అతి పెద్ద విజయాల్లో ఒకటి కళ్ల ముందున్నప్పుడు, దాన్ని ఎలా ముందుకు తీసుకెళ్లాలన్న చర్చ కంటే కుర్చీ ఎవరిదన్న చర్చే ఎక్కువ జరిగింది.

ఇవన్నీ మనకు తెలియడానికి కారణం ఆ కోచ్‌ల చేతిలో కాంట్రాక్టు ఉండటం, వారి మాట రాసే పత్రికలు ఉండటం. స్టిమాచ్‌కు పరిహారం దక్కింది కూడా అందుకే. జిల్లా కేంద్రంలో గౌరవ వేతనం మీద పనిచేసే శిక్షకుడి దగ్గర అలాంటి కాగితం లేదు. రేపటి నుంచి రావద్దంటే అతను రాడు. అతనితో పాటు నలుగురు పిల్లలు కూడా మైదానానికి రావడం మానేస్తారు. అది ఏ వార్తలోనూ కనిపించదు.

రెండు కుర్చీలూ ఒకరివే అయితే

ఈ చిక్కుకు మన దేశం తనదైన పరిష్కారం ఒకటి కనిపెట్టింది. కోచే నిర్వాహకుడు కూడా అయిపోవడం.

ఛత్తీస్‌గఢ్ బాస్కెట్‌బాల్‌లో దీనికి పెద్ద ఉదాహరణ భిలాయ్‌కి చెందిన రాజేశ్ పటేల్. ఉక్కు కర్మాగారం నగరంలో అమ్మాయిలను ఏరి తెచ్చి, ఏళ్ల తరబడి దగ్గరుండి చూసుకుంటూ జాతీయ జట్టు స్థాయికి చేర్చాడు. శిక్షణతో పాటు రాష్ట్ర సంఘం వ్యవహారాలు కూడా ఆయన చేతి మీదుగానే నడిచాయి. కోచ్ అడగాలి, అధికారి ఒప్పుకోవాలి అన్న తంతు లేదు. ఫలితాలు వచ్చాయి. 2018లో ఆయన మరణించారు. అంత పని ఒక్క మనిషి భుజాల మీద ఉన్నప్పుడు, ఆ మనిషి లేని లోటు ఎంతటిదో చెప్పనక్కర్లేదు.

జగదల్‌పూర్ దగ్గరి డిమ్రాపాల్‌లో మాతా రుక్మిణీ సేవాశ్రమం మరో ఉదాహరణ. వినోబా భావే ప్రభావంతో బస్తర్ వచ్చిన ధర్మపాల్ సైనీ 1976లో ఆదివాసీ ఆడపిల్లల కోసం దాన్ని మొదలుపెట్టారు. స్వయంగా క్రీడాకారుడైన ఆయన పిల్లలను పరుగు పందేలకు తీర్చిదిద్దారు. 1992లో పద్మశ్రీ వచ్చింది. బస్తర్ ఆడపిల్లలు దేశంలో ఎవరితోనైనా పోటీ పడగలరని చూపింది ఆ ఆశ్రమం. అక్కడా గురువు, నిర్వాహకుడు ఒక్కరే.

తెలుగువారికి దగ్గరి ఉదాహరణ పుల్లెల గోపీచంద్. ప్రభుత్వం ఇచ్చిన ఐదెకరాల స్థలంలో, సొంత ఇల్లు తాకట్టు పెట్టి మరీ కట్టిన అకాడమీ 2008లో తెరుచుకుంది. అక్కడి నుంచి సైనా, సింధు ఒలింపిక్ పతకాల వరకూ వెళ్లారు. ఆయన మాట చెల్లడానికి ప్రతిభ ఒక కారణమైతే, కోర్టుల తాళం చెవులు ఆయన చేతిలోనే ఉండటం మరో కారణం. ఆ విధానం మీద అభ్యంతరాలు కూడా వచ్చాయి. జాతీయ కోచ్ సొంత అకాడమీ నడపడం ప్రయోజనాల వైరుధ్యం కాదా అని గుత్తా జ్వాల ఎన్నోసార్లు నిలదీశారు. టోక్యో ఒలింపిక్స్‌కు ముందు సింధు తన శిక్షణను గచ్చిబౌలి ఇండోర్ స్టేడియానికి మార్చుకున్నారు.

ఇక్కడే ఒక తేడా గుర్తుంచుకోవాలి. సింధుకు వెళ్లడానికి గచ్చిబౌలి ఉంది, వెంట విదేశీ కోచ్ ఉన్నాడు. సుక్మా నుంచి వచ్చిన అమ్మాయికి హాస్టల్, తిండి, ఆట, చదువు అన్నీ ఒకే గొడుగు కింద ఉన్నప్పుడు, ఆ గొడుగు పట్టుకున్న మనిషితో పేచీ వస్తే వెళ్లాల్సింది ఇంటికే. ఒకే మనిషికి రెండు కుర్చీలు అనే పద్ధతి ఆ మనిషి మంచితనం మీద, ఆయుష్షు మీద ఆధారపడుతుంది.

భద్రాచలం దారిలో ఒక మంచి ఉదాహరణ

జగదల్‌పూర్ నుంచి సుక్మా, కుంట మీదుగా దక్షిణానికి వచ్చే జాతీయ రహదారి 30 భద్రాచలం దగ్గర గోదావరి దాటుతుంది. ఆ దారి చివర తెలంగాణలో, కోచ్, అధికారి వేర్వేరు మనుషులై ఉండి కూడా కలిసి సాధించిన విజయం ఒకటి ఉంది.

2014 మే 25న నిజామాబాద్ జిల్లాకు చెందిన 13 ఏళ్ల 11 నెలల మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లాకు చెందిన ఆనంద్ ఎవరెస్టు ఎక్కారు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు. పిల్లలను ఎంపిక చేసి, భువనగిరి కొండ మీద మొదలుపెట్టి హిమాలయాల దాకా సిద్ధం చేసింది కోచ్ శేఖర్ బాబు. అనుమతులు, నిధులు, విమర్శలకు జవాబు చెప్పే బాధ్యత గురుకులాల కార్యదర్శి ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్‌ది. ఎవరు ఎక్కగలరో తేల్చే పని కోచ్‌ది. వాళ్లను పంపాలా వద్దా అన్న నిర్ణయానికి పూచీ అధికారిది.

ఇది సాధ్యపడటానికి ఒక కారణం చాలా మామూలుది. ప్రవీణ్ కుమార్ ఆ పదవిలో 2012 నుంచి 2021 వరకు, దాదాపు తొమ్మిదేళ్లు ఉన్నారు. ఇవాళ ఇచ్చిన మాటకు రేపు జవాబు చెప్పుకోవాల్సిన అధికారి అదే కుర్చీలో ఉంటాడని కోచ్‌కు తెలుసు. నమ్మకం కుదరడానికి అంతకన్నా పెద్ద కారణం అక్కర్లేదు.

బస్తర్‌లో చిక్కు మరో రకం

బస్తర్‌లో ఈ స్థిరత్వమే దొరకడం కష్టం. ఇక్కడ క్రీడలకు అసలు అండ క్రీడాశాఖ కంటే ఎక్కువగా జిల్లా కలెక్టర్, పోలీసు యంత్రాంగం. ఖనిజ నిధుల నుంచి మైదానం కావాలన్నా, పాత భవనాన్ని హాస్టల్‌గా మార్చాలన్నా కలెక్టర్ తలచుకుంటే నెలల్లో జరిగిపోతుంది. అదే దీని బలం. అయితే కలెక్టర్ రెండు మూడేళ్లకు బదిలీ అవుతాడు. కొత్తగా వచ్చినవారికి ఆటల మీద ఆసక్తి ఉండవచ్చు, బడుల మీద ఉండవచ్చు, రోడ్ల మీద ఉండవచ్చు. ఒక క్రీడాకారిణి 12 ఏళ్లప్పుడు మొదలుపెట్టి 20 ఏళ్లకు ఫలితం ఇస్తుంది. ఆ ఎనిమిదేళ్లలో ముగ్గురు నలుగురు అధికారులు మారతారు.

అబూజ్‌మడ్ మల్లఖంబ్ జట్టు కథలో ఈ వ్యవస్థ బలమూ బలహీనతా రెండూ కనిపిస్తాయి. నారాయణ్‌పూర్‌లో ఆ పిల్లలకు నేర్పిన మనోజ్ ప్రసాద్ వృత్తిరీత్యా స్పెషల్ టాస్క్ ఫోర్స్ జవాను. 2023లో ఆ పిల్లలు ఇండియాస్ గాట్ టాలెంట్ పోటీ గెలిచి దేశాన్ని ఆశ్చర్యపరిచారు. ఒక జవాను తన చొరవతో అంత సాధించడం గొప్ప విషయం. అయితే జవాను ఎక్కడ ఉండాలో తేల్చేది విధుల పట్టిక. క్రీడా శిక్షకుడిగా అతనికంటూ ఒక ఉద్యోగం లేకపోతే, ఆ శిక్షణ కొనసాగాలంటే పైఅధికారుల సానుభూతే ఆధారం.

దీనికి భద్రతా కోణం కూడా తోడైంది. మావోయిస్టు ఉద్యమాన్ని 2026 మార్చి 31 నాటికి ముగిస్తామన్న గడువు పెట్టుకున్న ప్రభుత్వానికి బస్తర్ ఒలింపిక్స్ ఒక రాజకీయ ప్రకటన కూడా. ప్రభుత్వం అడిగే మొదటి లెక్క ఎంతమంది వచ్చారు అన్నదే. కోచ్‌కు కావాల్సిన లెక్క ఎంతమంది నిలిచారు అన్నది. ఈ రెండూ పొసగని లెక్కలు. పది వేల మందిని ఒక రోజు మైదానానికి తేవడానికి పట్టే శ్రమ వేరు, పది మందిని పదేళ్లు మైదానంలో ఉంచడానికి పట్టే ఓపిక వేరు. మొదటిది ఉత్సవం, అవసరమే. యుద్ధం మధ్య పెరిగిన పిల్లలకు ఆట ఇచ్చిన ఊరట తక్కువదేమీ కాదు. అయితే రెండోది లేకుండా మొదటిది ప్రతి ఏడాదీ మొదటి నుంచే మొదలవుతుంది.

ఏం రాసుకోవాలి?

2025 ఆగస్టులో పార్లమెంటు జాతీయ క్రీడా పరిపాలన చట్టం చేసింది. జాతీయ క్రీడా మండలి, వివాదాల కోసం ట్రైబ్యునల్, సమాఖ్యల కార్యవర్గాల్లో క్రీడాకారులకు చోటు వంటివి అందులో ఉన్నాయి. మంచిదే. కానీ దాని చూపు ప్రధానంగా జాతీయ సమాఖ్యల మీద. జగదల్‌పూర్ కాలేజీ కోర్టులోనో, దంతెవాడ హాస్టల్ మైదానంలోనో కోచ్‌కు, అధికారికి మధ్య వచ్చే పేచీ అంత దూరం వెళ్లదు. వెళ్లాల్సిన అవసరం కూడా లేదు. జిల్లాలోనే తేలాలి.

ఖేలో ఇండియా జిల్లా కేంద్రాల పథకంలో మాజీ క్రీడాకారులను శిక్షకులుగా పెట్టుకునే వీలుంది. ఒక్కో కేంద్రానికి ఏడాదికి ఇచ్చే రూ.5 లక్షల నిర్వహణ గ్రాంటులోనే శిక్షకుడి గౌరవ వేతనం, పరికరాలు, పోటీల ఖర్చు సర్దాలి. ఆరంభానికి అది చాలు. ఒక మనిషి తన జీవితాన్ని ఆ ఊరికి ముడివేసుకోవడానికి చాలదు. కనీసం నాలుగేళ్ల ఒప్పందం ఉంటే తప్ప, అధికారి అడిగినదానికి 'కుదరదు సార్' అనే ధైర్యం ఏ కోచ్‌కూ రాదు.

ఆ ఒప్పందంతో పాటు ఒక పేజీ రాసుకుంటే చాలు. జట్టు ఎంపిక, శిక్షణ వేళలు, గాయపడిన పిల్లను ఆడించాలా వద్దా అన్నది కోచ్ నిర్ణయం. డబ్బు, వయసు నిర్ధారణ, హాస్టల్ భద్రత, చదువు అధికారి బాధ్యత. ఎంపిక జాబితా మారిస్తే మార్చినవారు కారణం రాసి సంతకం చేయాలి. కోచ్ మీద ఫిర్యాదు వస్తే, ముఖ్యంగా ఆడపిల్లల నుంచి వస్తే, వినేది ఆ అధికారి ఒక్కడే కాకుండా బయటివారు కూడా ఉన్న కమిటీ కావాలి. కోచ్‌ను మధ్యలో తీసేయాలన్నా అదే కమిటీ ముందు కారణం చెప్పాలి. ఇందులో కొత్త చట్టం అవసరమైనది ఏదీ లేదు. ఒక కలెక్టర్ ఉత్తర్వు, ఒక విశ్వవిద్యాలయ తీర్మానం సరిపోతాయి. వచ్చే కలెక్టర్ దాన్ని పక్కన పెట్టాలంటే కనీసం రద్దు చేస్తున్నానని కాగితం మీద రాయాల్సి వస్తుంది.

బస్తర్ ఒలింపిక్స్ మళ్లీ జరుగుతాయి. పాల్గొన్నవారి సంఖ్య మళ్లీ పెరిగిందని వేదిక మీద ప్రకటిస్తారు. దాని పక్కనే ఇంకో అంకె కూడా చదివే రోజు రావాలి: గత ఏడాది గెలిచిన పిల్లల్లో ఎంతమంది ఇప్పటికీ అదే కోచ్ దగ్గర ఉన్నారు? జవాబు వందల్లో ఉన్నా చాలు. అది చదవలేకపోతే, పెరిగిన లక్షలు హాజరు పట్టీలో లెక్కగానే మిగిలిపోతాయి.